అరచేతుల్లో ఎర్రచుక్కలు

మా చెల్లెలు జ్వరంతో పోయింది. ఎవరైనా అడిగితే ఇన్నేళ్ళ తర్వాత కూడా నేను ఇంతే చెబుతాను. ఏం జ్వరం అని అడిగేవాళ్ళు తక్కువ. అడిగినవాళ్ళకి చెబితే అయోమయంగా చూస్తారు. మలేరియా తెలుసు, టైఫాయిడ్ తెలుసు, డెంగీ ఇప్పుడు అందరికీ తెలుసు. కుక్క ఒంటిమీది పిడుదు వల్ల ఇరవై రెండేళ్ళ పిల్ల చచ్చిపోయిందంటే నమ్మబుద్ధి కాదు. ఆ రోజుల్లో నాకూ ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు. రక్తపరీక్షలు చేయడమే నా ఉద్యోగం, అయినా నమ్మేదాన్ని కాదు.

పంజాగుట్టలో ఒక చిన్న లాబ్‌లో టెక్నీషియన్‌గా చేసేదాన్ని. ఉండేది అమీర్‌పేటలో, మెయిన్ రోడ్డు వదిలి మూడు సందులు లోపలికి వెళ్తే వచ్చే ఒక పాత ఇంట్లో, డాబా మీది గదిలో. కింద ఇంటివాళ్ళు. వాళ్ళది మెదక్ వైపు ఊరు. ఒకప్పుడు వ్యవసాయం చేసిన మనుషులు. ఇంటి పెద్దావిడని నేను మామ్మగారు అని పిలిచేదాన్ని. ఆవిడా, సనత్‌నగర్‌లో ఒక లేత్ వర్క్‌షాపులో పనిచేసే కొడుకూ, కోడలూ, ఎనిమిదేళ్ళ మనవరాలూ. అంతే ఆ ఇంట్లో. ముందు గోడలకి సున్నం ఉండేది గానీ మెట్ల వైపు గోడకి సిమెంటు పూత కూడా లేదు. ఇటుకల మధ్య సందుల్లో వేలు పట్టేది.

నేను అక్కడ చేరిన రెండేళ్ళకి, జనవరి నెలలో, మా చెల్లి వచ్చింది. తెనాలి దగ్గర మా ఊళ్ళో అమ్మ ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. నాన్న నా ఇంటర్ అప్పుడే పోయాడు. చెల్లి బీఎస్సీ కంప్యూటర్స్ అయ్యాక ఇంట్లో కూర్చోనంది. అమీర్‌పేటలో జావా నేర్చుకున్న ప్రతివాళ్ళకీ ఉద్యోగం వస్తోందని ఊరంతా అనుకునే కాలం అది. అబద్ధం కూడా కాదు. మైత్రీవనం దగ్గర నిలబడితే ఏ మేడ చూసినా పైనుంచి కిందిదాకా కోర్సుల బోర్డులే కనిపించేవి. పొద్దున ఏడింటికే చంకలో ఫైళ్ళు పెట్టుకుని పిల్లలు మెట్ల మీద బారులు తీరేవాళ్ళు. మా చెల్లి ఆ బారులో కలిసిపోయింది.

అది మాట్లాడితే ఆపేది కాదు. గదిలోకి రాగానే చెప్పులు ఒకటి ఇటూ ఒకటి అటూ విసిరేసి, ఆ రోజు క్లాసులో ఏం జరిగిందో నాకు మొత్తం చెప్పేది. నోట్సుకి నాలుగు రంగుల పెన్ను వాడేది. ఇంగ్లీషులో మాట్లాడటమంటే మాత్రం భయం. నా ముందు మాట్లాడాలంటే సిగ్గు. అందుకని కుక్కతో మాట్లాడేది.

ఆ కుక్క వీధిదే. మామ్మగారు మిగిలిన అన్నం పెడుతూ ఉంటే ఇంటిదయింది. గోధుమ రంగు, ఒక చెవి మడతపడి ఉండేది. ఎండాకాలం చల్లదనానికి మెట్ల మలుపులో, ఆ పూతలేని గోడకి ఆనుకుని పడుకునేది. సాయంత్రం చెల్లి మెట్లమీద కూర్చుని దాని తల ఒళ్ళో పెట్టుకునేది. దానికి 'సార్' అని పేరు పెట్టింది. ఎందుకంటే అది ఇంటర్వ్యూ చేసే ఆఫీసరట.

"సార్, ఐ యామ్ ఫ్రమ్ గుంటూర్ డిస్ట్రిక్ట్. మై మదర్ ఈజ్ ఎ టీచర్," అని చెబుతూ, దాని చెవుల్లో పిడుదులు ఒక్కొక్కటే పీకేది. గింజల్లా ఉబ్బిన పిడుదుల్ని గోళ్ళ మధ్య పెట్టి నలిపేది. చిన్న శబ్దం వచ్చేది. గోళ్ళకి నల్లటి రక్తం అంటేది.

"ఛీ, చేతులు కడుక్కోవే," అనేదాన్ని.

"ఉండవే అక్కా, సార్ కదలకుండా వింటున్నాడు. ఇంత ఓపిగ్గా వినేవాళ్ళు బయట దొరకరు," అనేది.

ఒకరోజు మామ్మగారు అటు వెళ్తూ చూసి ఆగింది. "గోమార్లు గవి బిడ్డా. గోటితోటి నలపకు. గిన్నెల జర గ్యాసునూనె వోసి అండ్ల ఎయ్యి, అవే సస్తయి. మా ఊర్ల బర్లకు గట్లనే తీస్తుంటిమి."

"అలాగే మామ్మగారూ," అంది చెల్లి. రెండు రోజులు ఒక కొబ్బరిచిప్పలో కిరసనాయిలు పెట్టుకుంది కూడా. మూడోరోజుకి మర్చిపోయింది. అప్పటికి ఆ మాట నాకూ ముఖ్యమనిపించలేదు.

మే నెల మొదట్లో దానికి ఒక కంపెనీ నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. బంజారాహిల్స్‌లో ఆఫీసు. ఇంటర్వ్యూకి ముందురోజే దానికి ఒళ్ళు వెచ్చబడింది. మాత్ర వేసుకుని, నా మంచి చుడీదార్ తొడుక్కుని వెళ్ళింది. మధ్యాహ్నం తిరిగొచ్చి మెట్లు ఎక్కలేక మలుపులో కూర్చుండిపోయింది. కానీ ముఖం వెలిగిపోతోంది.

"రెండో రౌండుకి పిలుస్తామన్నారే. కిందింటివాళ్ళ నంబరు ఇచ్చాను. ఒక్క ప్రశ్నకి తప్ప అన్నింటికీ చెప్పాను."

దాని నుదురు పట్టుకుంటే కాలిపోతోంది. అప్పుడే వీధి చివర క్లినిక్కుకి తీసుకెళ్ళాను. డాక్టరుగారు గొంతు చూసి, వైరల్ జ్వరం, మూడు రోజుల్లో తగ్గిపోతుందన్నాడు. ఆ వేసవిలో ప్రతి ఇంట్లో ఎవరికో ఒకరికి జ్వరమే. ఆయన్ని నేను తప్పుపట్టను.

మూడో రోజుకి తగ్గలేదు. తలనొప్పి పెరిగింది. కిటికీ తెరిస్తే వెలుతురు కళ్ళలో గుచ్చుకుంటోందని ఏడ్చింది. కాళ్ళ పిక్కలు ముట్టుకోనివ్వలేదు. ఆ పొద్దున నేనే దాని రక్తం తీశాను. ఎంతమందికో సూది వేసినదాన్ని, దానికి రెండుసార్లు గుచ్చాల్సి వచ్చింది. "నొప్పి తెలీలేదే అక్కా," అంది కళ్ళు మూసుకునే.

లాబ్‌కి తీసుకెళ్ళి పరీక్షలన్నీ నేనే చేశాను. మలేరియా లేదు. తర్వాత టైఫాయిడ్ పరీక్ష. రక్తంలో పైకి తేలిన పసుపు నీటిని ఒక చుక్క పలకమీద వేసి, మందుచుక్క కలిపి, పుల్లతో తిప్పి, పలకని అటూ ఇటూ ఊపాలి. టైఫాయిడ్ ఉంటే చుక్క విరిగిన పాలలా పలుకులు పలుకులుగా అవుతుంది. చెల్లిది కొద్దిగా, చాలా కొద్దిగా పలుకులు కట్టింది. అలాంటి మసక మన ఊళ్ళల్లో మామూలు ఆరోగ్యంతో తిరిగేవాళ్ళలోనూ వస్తుంది. ఆ సంగతి నాకు తెలుసు. వేరేవాళ్ళదయితే డాక్టరుకి ఫోన్ చేసి, "సార్, మరీ తక్కువగా ఉంది, ఇంకో రకంగా కూడా చూడండి" అనేదాన్ని. అలా చాలాసార్లు అన్నాను కూడా. ఇది నా చెల్లిది. దాని జ్వరానికి ఒక పేరు దొరికిందని నాకు ప్రాణం లేచొచ్చింది. మందు ఉన్న పేరు. పాజిటివ్ అని రాశాను. వెంటనే ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి మా ఊళ్ళో పక్కింటికి ఫోన్ చేసి అమ్మని పిలిపించి చెప్పాను, టైఫాయిడేనమ్మా, భయపడకు అని.

నేను రాసిన కాగితం చూసి డాక్టరుగారు టైఫాయిడ్‌కి మందు మొదలుపెట్టాడు. ఇంజెక్షన్లు నేనే చేశాను, పొద్దునా సాయంత్రం.

ఐదో రోజు ఒళ్ళు తుడుస్తుంటే మణికట్టు దగ్గర ఎర్రటి చుక్కలు కనిపించాయి. చీలమండల దగ్గర కూడా. మామ్మగారు పైకొచ్చి చూసి రెండు చేతులూ జోడించింది. "తల్లి వచ్చినట్టున్నది బిడ్డా. యాపమండలు పెట్టు. మసాల కూర వండకు," అంది. మధ్యాహ్నానికి కోడలితో వేపరెమ్మలు తెప్పించి గుమ్మానికి కట్టించింది. నేను తట్టు కాదనుకున్నాను. చిన్నప్పుడే దానికి తట్టు పోసింది. క్లినిక్కులో అడిగితే ఇంజెక్షన్ పడలేదేమో, మారుద్దాం అన్నారు. నాకూ అదే నిజమనిపించింది.

ఆరో రోజు పొద్దున నన్ను పిలిచి రెండు చేతులూ చాపింది. అరచేతుల నిండా చుక్కలు.

"చూడవే, గోరింటాకు పెట్టుకుంటే సగం పండినట్టు లేదూ?" అని నవ్వబోయింది. పెదాలు పగిలి ఉండటంతో నవ్వలేకపోయింది. దుప్పటి తీసి చూస్తే అరికాళ్ళు కూడా అలాగే ఉన్నాయి.

అమ్మ ఆ రోజు పగటి బండికి బయల్దేరి వచ్చింది. వచ్చేసరికి చెల్లి ముఖం ఉబ్బింది, కళ్ళు ఎర్రబడ్డాయి. అమ్మ మంచం మీద కూర్చుని "నేనొచ్చానే తల్లీ" అంది. చెల్లి అమ్మ వైపు చూసి, చాలా మర్యాదగా, ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ, "ఐ యామ్ ఫ్రమ్ గుంటూర్ డిస్ట్రిక్ట్. మై మదర్ ఈజ్ ఎ టీచర్," అంది. ఆ రెండు ముక్కలే మళ్ళీ మళ్ళీ చెప్పింది. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నా వైపు చూసింది.

కిందింటి కొడుకు ఆటో తెచ్చాడు. అతనూ నేనూ కలిసి దాన్ని మెట్లు దింపాం. పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో చేర్చాం. రక్తంలో ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయన్నారు. డెంగీ అయి ఉండొచ్చన్నారు. మర్నాడు పొద్దున పెద్ద డాక్టరు వచ్చింది. యాభై దాటిన మనిషి. మామూలు నేత చీర, మెడలో కళ్ళజోడు తాడు. కాగితాలు చూడకముందే చెల్లి చెయ్యి తీసుకుని అరచెయ్యి తిప్పింది. ఒక చుక్క మీద బొటనవేలితో నొక్కి చూసింది. తర్వాత జుట్టు పాయలు పాయలుగా విడదీస్తూ వెతికింది. కుడిచెవి వెనక ఆగింది. అక్కడ అగరొత్తితో కాల్చినట్టు చిన్న నల్లటి పెచ్చు ఉంది. వారం రోజులు దానికి తలదువ్విన నేను ఆ పెచ్చు చూడలేదు.

"ఇంట్లో కుక్క ఉందా?" అని అడిగింది.

"ఉంది డాక్టర్. కింద, మెట్ల దగ్గర."

"దానికి పిడుదులు ఉన్నాయా? ఈ అమ్మాయి దాన్ని ముట్టుకునేదా?"

"పిడుదులు పీకేది. గోళ్ళతో నలిపేది," అన్నాను.

"పిడుదు కుట్టడం వల్ల వచ్చిన జ్వరం ఇది," అని ఆమె నర్సుకి ఒక మందు పేరు చెప్పి, ముక్కులోంచి వేసిన గొట్టం ద్వారా వెంటనే ఇమ్మంది. ఆ పేరు విని నేను నమ్మలేకపోయాను. అది ఏ వీధి చివర మందులషాపులోనైనా దొరికే పాత మందు. మొటిమలకి కూడా రాస్తారు. మా లాబ్ కింద షాపులో అద్దాల వెనక వరసగా పేర్చి ఉండేది. రోజూ దాని ముందునుంచే నడిచి వెళ్ళేదాన్ని.

అప్పటికే మూత్రం రావడం తగ్గిపోయింది. ఆ రోజంతా మందు ఇచ్చారు. మర్నాడు కూడా ఇచ్చారు. మధ్యాహ్నం ఒక ఇంజెక్షన్ తెమ్మంటే కిందికి వెళ్ళాను. షాపు దగ్గర లైనులో నా ముందు ఇద్దరున్నారు. నా వంతు వచ్చేలోపు కిందింటి కొడుకు మెట్లు దిగి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. నా చేతిలో చీటీ తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. అంతే, నాకు అర్థమైంది.

ఆ కంపెనీ నుంచి ఫోను రాలేదు. వస్తే మామ్మగారు ఏం చెప్పేదో.

పైన వరండాలో డాక్టరుగారిని అడిగాను. "మొదటే ఈ మందు వేసి ఉంటే?"

ఆమె నా భుజం మీద చెయ్యి వేసింది. "మొదటి మూడు రోజులూ చుక్కలుండవమ్మా. చుక్కలు లేకపోతే నేనైనా పోల్చుకోలేను," అంది. మంచి మనిషి. కానీ ఐదో రోజు చుక్కలొచ్చాయి. ఆ రోజు నేను ఇంజెక్షన్ మార్చి పొడిచాను.

ఊరికి తీసుకెళ్ళాం. కర్మలన్నీ అయ్యాక అమ్మ, వేసవి సెలవులకి తోడు జూలై దాకా స్కూలుకి సెలవు పెట్టి నాతో వచ్చేసింది. నన్ను ఒక్కదాన్నీ ఆ గదికి పంపడం ఆమె వల్ల కాలేదు. తను ఒక్కతీ ఊళ్ళో ఉండటమూ కాలేదు. ఇద్దరం సంచులు పట్టుకుని మెట్లు ఎక్కుతుంటే మలుపులో కుక్క లేచింది. తోక ఊపుతూ అమ్మ చేతి సంచి వాసన చూసింది. అందులో చెల్లి బట్టలున్నాయి. సంచిలోకి ముక్కు దూర్చి, నా వెనక మెట్ల వైపు తొంగి చూసింది, ఇంకా ఒకరు రావాలన్నట్టు.

నేను అరిచాను. ఏమని అరిచానో గుర్తులేదు. కుక్క చెవులు వెనక్కి వాల్చి గోడకి అంటుకుపోయింది. ఆ సాయంత్రం కిందికి దిగి, గేటు దగ్గర ఉన్న ఇంటివాళ్ళ కొడుకుతో, "అన్నయ్యా, ఆ కుక్క ఉంటే నేనిక్కడ ఉండలేను," అన్నాను.

"మీరు ఫికర్ జెయ్యకుండ్రి చెల్లెమ్మా. నేను జూస్కుంట," అన్నాడు.

లోపలినుంచి మామ్మగారు వచ్చింది. "గా నోరులేని జీవి ఏం జేసింది బిడ్డా? దానికి సుత ఎర్క లేదు గదా," అంది. నేను పైకి వచ్చేశాను.

రెండు రోజుల తర్వాత పొద్దున మున్సిపాలిటీ బండి వచ్చింది. నేను డాబా గోడ పట్టుకుని చూశాను. అది పారిపోతుందనుకున్నాను, పారిపోలేదు. మనుషులు దగ్గరకి వస్తే తోక ఊపడమే అలవాటైన కుక్క. ఉచ్చు మెడకి పడ్డాక కూడా కూర్చునే ఉంది. మామ్మగారి మనవరాలు గేటు పట్టుకుని "సార్! సార్!" అని అరుస్తూ ఏడ్చింది. బండివాళ్ళు తమనే పిలుస్తోందనుకుని వెనక్కి తిరిగి చూశారు. అమ్మ నా పక్కకొచ్చి నిలబడింది. వద్దనలేదు, మంచిపని చేశావనీ అనలేదు. బండి వెళ్ళాక లోపలికి వెళ్ళి పడుకుంది.

పది రోజులు గడిచాక అమ్మ మెట్లు ఊడుస్తూ నన్ను పిలిచింది. "ఇవేంటో చూడవే." గోడ ఇటుకల సందుల్లోంచి నువ్వుల్లాంటి పురుగులు పైకి పాకుతున్నాయి. ఒకటి మా తలుపు తెర మీద ఉంది. పిడుదులే. కానీ కుక్క లేదు కదా, వాటంతట అవే చస్తాయనుకున్నాను. చీపురుతో ఊడ్చి, ఫినాయిల్ నీళ్ళు చల్లాను. కిందింటివాళ్ళకి చెప్పాలన్న ఆలోచన రాలేదు. అప్పట్లో నాకు ఏ ఆలోచనా సరిగ్గా వచ్చేది కాదు. లాబ్‌కి వెళ్ళడం, రావడం, అమ్మ పెట్టింది తినడం.

జూలై మొదటి వారంలో ఒక పొద్దున మామ్మగారు ఆయాసపడుతూ పైకి వచ్చింది.

"బిడ్డా, పోరికి మూడు దినాల సంది ఒళ్ళు కాలుతున్నది. నిన్న డాక్టర్ గోళీలిచ్చిండు, తగ్గుతలేదు. తలకాయి నొస్తున్నదని మస్తు ఏడుస్తున్నది. జర నువ్వు రా."

చెప్పులు కూడా వేసుకోలేదు. దిగి వెళ్ళేసరికి ఆ పిల్ల చాప మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అరచేతులు తెరిచి చూశాను. శుభ్రంగా ఉన్నాయి. ఊపిరి పీల్చుకున్నాను. కానీ చెయ్యి ఆగలేదు. పట్టీలు పైకి జరిపి చీలమండలు చూశాను. ఎడమ కాలికి మూడు చుక్కలు, కుడి కాలికి రెండు. దోమకాట్లని ఎవరైనా అంటారు.

"అన్నయ్యా, బండి తియ్యి," అన్నాను.

అతను కారణం అడగలేదు. స్కూటర్ మీద మధ్యలో పిల్లని కూర్చోబెట్టుకుని అదే ఆసుపత్రికి, అదే డాక్టరుగారి దగ్గరకి తీసుకెళ్ళాం. ఆమె నన్ను గుర్తుపట్టింది. చుక్కలు చూసింది, పిల్ల తలంతా వెతికింది, మోకాలి వెనక చిన్న పెచ్చు దొరికింది. ఆ మందే రాసింది. మొదటి మోతాదు తన ఎదుటే వేయించింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఆ కుక్క ఇంకా ఉందా?"

"లేదు డాక్టర్. పంపించేశాం."

ఆమె కళ్ళజోడు తీసింది. "పంపించకుండా ఉండాల్సిందమ్మా," అంది. "పిడుదు ఎప్పుడూ కుక్క మీదే ఉండదు. రక్తం తాగి దిగిపోయి గోడ సందుల్లో దాక్కుంటుంది. అక్కడే గుడ్లు పెడుతుంది. తల్లికున్న రోగం గుడ్లలోకీ వెళ్తుంది. పిల్లలు పుట్టాక మళ్ళీ కుక్క కోసమే వెతుకుతాయి. కుక్క ఉన్నంతకాలం చాలావరకు దాని మీదికే పోతాయి. అది లేకపోతే ఆకలికి ఎవరు దొరికితే వాళ్ళ మీదికి వస్తాయి. ముందు గోడలకి మందు కొట్టించాలి, కుక్కకి మందు రాయించాలి. మనిషినుంచి మనిషికి అంటుకునే జబ్బు కాదిది, ఇంట్లో మిగతావాళ్ళు భయపడక్కర్లేదు. కానీ గోడలు ఈ రోజే చూడండి."

పిల్ల తండ్రి పక్కనే ఉన్నాడు. అన్నీ విన్నాడు. కుక్కని పంపించమన్నది ఎవరో అతనికి తెలుసు. నేను తల ఎత్తలేకపోయాను.

రెండో రోజు సాయంత్రానికి జ్వరం దిగింది. మూడోరోజు పొద్దున నేను వెళ్ళేసరికి ఆ పిల్ల మంచం మీద కూర్చుని, "అక్కా, నాకు పుల్ల ఐసు కావాలె," అంది. అందరూ నవ్వారు. వాళ్ళమ్మ నా చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది. నేనూ నవ్వాను. నిజంగానే నవ్వాను. తర్వాత ఆసుపత్రి బాత్రూంలోకి వెళ్ళి తలుపు గడియ పెట్టుకుని, చున్నీ నోట్లో కుక్కుకుని ఏడ్చాను. రెండు రోజులు. నాలుగు మాత్రలు. అంతే పట్టింది. ఆ పిల్ల బతికినందుకు ఏడుస్తున్నానో, మా చెల్లి బతకనందుకు ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. ఒక్క క్షణం ఆ పిల్ల మీద అసూయ కలిగింది. ఎనిమిదేళ్ళ పిల్ల మీద. ఆ క్షణాన్ని ఇప్పటికీ క్షమించుకోలేదు.

పిల్లని ఇంటికి తెచ్చిన రోజు మామ్మగారి ముందు కూర్చుని చెప్పాను. "నా కోపం వల్లే మీ మనవరాలికి వచ్చింది మామ్మగారూ. మీరు వద్దన్నారు. నేను వినలేదు."

ఆవిడ, "కావాలని జేసినవా బిడ్డా? నీ కడుపు మంటల నువ్వున్నవు. పోరి ఒళ్ళు గాలంగనే ఉరికొచ్చి పట్టుకవోయింది సుత నువ్వే గదా," అంది. పళ్ళెంలో అన్నం పెట్టి నా ముందుకు తోసింది. తిన్నాను.

ఆ వారంలోనే కొడుకు గోడకి మందు కొట్టించి, మెట్ల వైపు మొత్తం సిమెంటు పూత పూయించాడు. ఒక ఆదివారం నేనూ అతనూ కుక్క కోసం వెళ్ళాం. పట్టుకున్న కుక్కల్ని ఉంచే చోటు ఊరి బయట ఉంది. అక్కడి మనిషి రిజిస్టరు తిప్పి, ఆ వారం కుక్కల్ని వేరేచోట వదిలేశామన్నాడు. ఎక్కడన్నది అతనికి తెలియదు. బోనుల ముందు చివరిదాకా నడిచాం. మడత చెవి ఉన్నవి రెండు కనిపించాయి. ఏదీ అది కాదు. తిరిగి వస్తుంటే అతను, "పాపం, మంచిగ ఉండె కుక్క," అన్నాడు.

అమ్మకి చెప్పాల్సింది ఒకటి మిగిలిపోయింది. అది చెప్పకుండా ఆమె వండింది తినడం నాకు కష్టంగా ఉండేది. ఒక మధ్యాహ్నం వాన పడుతుంటే, అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే చెప్పాను. ఆ పలక మీది మసక గురించి, అది టైఫాయిడ్ కాకపోవచ్చని నాకు తెలిసీ పాజిటివ్ అని రాసినదాని గురించి.

అమ్మ చేట మీదనుంచి చెయ్యి తియ్యలేదు. వేళ్ళు మాత్రం ఆగిపోయాయి.

"టైఫాయిడ్ అని నువ్వు ఫోన్ చేశావు చూడు," అంది చివరికి. "అప్పటికి రెండు రోజులుగా నేను అన్నం సరిగా తినలేదు. నీ ఫోను విని, హమ్మయ్య, పేరు తెలిసింది, తగ్గిపోతుందనుకుని ఆ పూట కడుపునిండా తిన్నాను. గోంగూర పచ్చడి కూడా వేసుకున్నాను. నాకు ఆ అన్నం గుర్తొస్తుంటుంది."

మళ్ళీ రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది. ఆ విషయం ఇంకెప్పుడూ మా మధ్య రాలేదు.

నేను ఆ లాబ్‌లోనే ఇంకో నాలుగేళ్ళు చేశాను. జ్వరంతో వచ్చినవాళ్ళ రక్తం తీసే ముందు చేతులు తిప్పి చూసేదాన్ని. హాస్టలు పిల్లలు, "ఏంటక్కా, జాతకం చెబుతారా?" అని నవ్వేవాళ్ళు. ఇంట్లో కుక్క ఉందా, పశువులున్నాయా అని అడిగి, ఉంటే కాగితం మీద పైన రాసిపెట్టేదాన్ని. కొందరు డాక్టర్లు విసుక్కున్నారు. ఒకరిద్దరు ఫోన్ చేసి థాంక్స్ చెప్పారు. మసకగా వచ్చిన పరీక్షని ఇక ఎప్పుడూ పాజిటివ్ అని రాయలేదు.

ఆ జూలై ఆఖర్లో అమ్మ సెలవు అయిపోయింది. చెల్లి బట్టల్లో కొన్ని మామ్మగారి కోడలికి ఇచ్చింది, కొన్ని తనతో సర్దుకుంది. సికింద్రాబాదు స్టేషన్లో కిటికీ పక్క సీటు దొరికింది. మంచినీళ్ళ సీసా అందించాను. బండి కదిలే ముందు అమ్మ ఊచల్లోంచి చెయ్యి బయటపెట్టి నా నుదురు ముట్టుకుంది.

"ఒళ్ళు వెచ్చబడితే ఫోన్ చెయ్యి," అంది.

"చేస్తానమ్మా."

"తలనొప్పి వచ్చినా చెయ్యి."

"సరే."

బండి కదిలింది. ఆమె చెయ్యి లోపలికి తీసుకోకుండా అలాగే చాపి ఉంచింది, ప్లాట్‌ఫారం చివరిదాకా.